సిపాయి తాతను వెతకాలంటే ముందు రైతు తాతను పట్టుకోండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పటాలంలో పనిచేసిన పూర్వీకుల గురించి ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో రాయమని అడిగాం. గుంటూరు, బాపట్ల, పల్నాడు, విజయవాడ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు ఒకటే అడిగాయి: "సైన్యం కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?" ప్రశ్న సరైనదే, కాని మొదట అడగాల్సింది అది కాదు. సిపాయిని చేర్చుకునేటప్పుడు సైన్యం రాసుకున్నది అతని పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా. ఈ ఐదూ ఆనాడు ఎలా ఉన్నాయో తెలియకుండా రాసిన దరఖాస్తుకు "వివరాలు లభ్యం కాలేదు" అన్న ఒక్క ముక్క జవాబే వస్తుంది. ఆ ఐదింటిలో నాలుగు ఇప్పటికీ గ్రామ లెక్కల్లోనే ఉన్నాయి.

మా ముత్తాతగారిది తెనాలి దగ్గర పల్లె, మాగాణి రైతు. "జర్మనీ యుద్ధానికి వెళ్లొచ్చాడు" అన్న మాట తప్ప కాగితం ముక్క లేదు. పెట్టెలో రెండు పతకాలున్నాయి. ఒకటి గుండ్రంగా తెల్లగా ఉంది, రెండోది నక్షత్రం. బాగా నల్లబడ్డాయి. వీటివల్ల ఏమైనా తెలుస్తుందా?
— ఒక పాఠకురాలు, తెనాలి

చాలా తెలుస్తుంది, మీరు తోమనంతవరకు. చింతపండు, విభూది, బ్రాస్సో, ఏదీ వద్దు. పతకం అంచు మీద సన్నని అక్షరాలుంటాయి. పండగ పండగకీ రాగి చెంబుతో పాటు తోమిన ఇళ్లలో మొదట అరిగిపోయేది ఆ అక్షరాలే. నలుపు పతకానికి హాని చేయదు. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

గుండ్రటి పతకాన్ని చక్రంలా నిలబెట్టి అంచు చూడండి. గది చీకటి చేసి టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అక్షరాలకు నీడ పడి పైకి లేస్తాయి. ఫోన్లో దగ్గరి ఫొటోలు తీయండి. పతకాన్ని పావు వంతు చొప్పున తిప్పుతూ, ఒక ఫొటోలో చివరి అక్షరాలు తరువాతి ఫొటోలో మొదట పడేలా నాలుగైదు తీయాలి. అంచు మీద వరస ఇలా ఉంటుంది: నంబరు, హోదా, పేరు, దళం. నక్షత్రానికైతే ఇవి వెనకవైపు ఉంటాయి. ఎలా కనిపిస్తే అలాగే రాసుకోండి, తప్పుగా ఉందనిపించినా దిద్దకండి. "వెంకటస్వామి"ని ఆనాటి గుమాస్తా "వెంకటసామి" అని రాసి ఉంటే సైన్యం పుస్తకంలో కూడా అతను వెంకటసామే.

నంబరు ఒక్కటే పట్టుకుని వెతికేవాళ్లున్నారు. మొదటి యుద్ధం నాటికి ఒక్కో పటాలానికి నంబర్లు వేరు, కాబట్టి అదే నంబరు పది పటాలాల్లో పది మందికి ఉంటుంది. నంబరు, దళం జంటగా ఉంటేనే పనికొస్తాయి.

ఇక "జర్మనీ యుద్ధం" సంగతి. మన పెద్దవాళ్ల నోట 1914 యుద్ధమూ జర్మనీ యుద్ధమే, 1939 యుద్ధమూ జర్మనీ యుద్ధమే. మీ నక్షత్రం కోణాలు లెక్కపెట్టండి. నాలుగు కోణాలుండి మధ్య రెండు కత్తులు అడ్డంగా ఉంటే మొదటి యుద్ధానిది. 1914–15 అని ఉంటే 1915 ముగిసేలోపే ఆయన యుద్ధరంగంలో అడుగుపెట్టినట్టు. ఆరు కోణాలుంటే రెండో యుద్ధానిది, అప్పుడాయన మీ ముత్తాత కాక తాత అయ్యుండే అవకాశం ఉంది.

తెల్లటిదాన్నీ అలాగే చూడండి. ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రమెక్కిన మనిషి, 1914–1918 అని ఉంటే అది బ్రిటిష్ వార్ మెడల్. 36 మిల్లీమీటర్ల అడ్డకొలత, అసలు వెండి. వెండి కాబట్టే ఎన్నో ఇళ్లలో కరిగి పట్టీలైపోయింది. అదే పతకం కంచులో ఉంటే ఆయన తుపాకీ పట్టిన సిపాయి కాక కూలీ దళంలోనో, సైన్యం వెంట పనులకో వెళ్లినట్టు. దాన్ని తక్కువగా చూడనక్కరలేదు. ఇరాక్‌లోని బస్రా రేవులో సామాను దించింది, రోడ్లు వేసింది వాళ్లే. రెండోవైపు రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం, 1939–1945 ఉంటే అది రెండో యుద్ధం వార్ మెడల్. అది వెండిలా కనిపించే రాగి-నికెల్ మిశ్రమం. ఇండియా పటం బొమ్మ ఉంటే ఇండియా సర్వీస్ మెడల్, అంటే మూడేళ్లు దేశంలోనే సేవ చేసినందుకిచ్చినది. "తాత బర్మాలో పోరాడాడు" అనడానికి అది సాక్ష్యం కాదు, దానికి బర్మా స్టార్ వేరే ఉంది.

రెండో యుద్ధం పతకాల మీద పేర్లుండవని, ఉంటే నకిలీవని ఎవరైనా అంటే నమ్మకండి. బ్రిటిష్ సైనికులకిచ్చిన వాటి మీద లేవు, మన సిపాయిలకిచ్చిన వాటి మీద చెక్కారు.

ఇంకో హెచ్చరిక. గొలుసుకు వేసుకుందామని కంసాలి చేత వలయం అతికించవద్దు. అతుకు పడిన చోట రెండు మూడు అక్షరాలు పోతాయి, పోయేవి తరచు దళం పేరులోవే. విదేశాల నుంచి మంచి ధర ఇస్తామనేవాళ్ల విషయంలో కూడా జాగ్రత్త. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. మొదటి యుద్ధం పతకాలు చాలామటుకు ఇప్పుడు ఆ లెక్కలోకే వస్తాయి.

మా తాతగారు బాపట్ల తాలూకా నుంచి 1943లో మిలిటరీలో చేరి 1946లో వచ్చేశారు. పెన్షన్ రాలేదు. మద్రాస్ రెజిమెంట్ అని ఇంట్లో చెప్పుకుంటాం. ఉత్తరం ఎవరికి రాయాలి? ఏమేం జతచేయాలి?
— ఒక పాఠకుడు, బాపట్ల

"మద్రాస్ రెజిమెంట్" అన్న మాటను ముందు కొంచెం అనుమానించండి. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) నుంచి ఎవరు ఏ దళంలో చేరినా ఊళ్లో ఆ పేరే స్థిరపడింది. అసలు సంగతి వేరు. "యుద్ధానికి పనికొచ్చే జాతులు" అన్న బ్రిటిష్ వారి సిద్ధాంతం వల్ల పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి మద్రాసు పటాలాలను తగ్గిస్తూ వచ్చారు. 1928 నాటికి మద్రాసు రెగ్యులర్ పదాతి పటాలాలన్నిటినీ రద్దు చేశారు, 1933లో మద్రాస్ పయొనీర్లనూ (దారులు వేసే, తవ్వకాలు చేసే దళం) తీసేశారు. తెగకుండా నడిచింది బెంగళూరులోని మద్రాస్ సాపర్లు, అంటే సైన్యపు ఇంజినీరు దళం, ఒక్కటే. మద్రాస్ రెజిమెంట్‌ను మళ్లీ నిలబెట్టింది 1941లో. కాబట్టి "1935లో మద్రాస్ రెజిమెంట్లో చేరాడు" అని ఎవరైనా అంటే చాలామటుకు సాపర్ అయ్యుంటాడు. మీ తాతగారు చేరింది 1943లో కాబట్టి రెజిమెంట్ కావచ్చు, సాపర్లు కావచ్చు, పయొనీర్ కోర్, ఫిరంగి దళం, లారీ డ్రైవరుగా సరఫరా దళం, ఏదైనా కావచ్చు.

దాన్నిబట్టి చిరునామా మారుతుంది. మద్రాస్ రెజిమెంట్ రికార్డ్స్ కార్యాలయం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. సాపర్లవి బెంగళూరులోని మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ దగ్గర, పయొనీర్లవీ బెంగళూరులోనే. ఫిరంగి దళానికి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, వైద్య దళానికి లక్నో, ఆయుధ సామగ్రి దళానికీ మెకానికల్ ఇంజినీర్లకూ సికింద్రాబాద్. తప్పు రికార్డ్స్‌కు రాస్తే అక్కడివారు దాన్ని సరైన చోటికి పంపుతారని ఆశ పెట్టుకోకండి.

దళం తేల్చుకోవడానికి ఇంట్లో వెతకాల్సినవి: డిశ్చార్జి పత్రం, పతకం అంచు, యూనిఫాం ఫొటోలో టోపీ మీది, భుజం మీది బిళ్ల, మనియార్డరు చీటీలు. డిశ్చార్జి పత్రం ఉంటే సగం పని అయిపోయినట్టే. నంబరు, తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ, విడుదల తేదీ, పుట్టుమచ్చలు, ప్రవర్తన, పతకాలు, అన్నీ దానిలోనే ఉంటాయి. ప్లాస్టిక్ లామినేషన్ మాత్రం చేయించకండి. ఆ వేడికి పాత సిరా వెలిసిపోతుంది, మళ్లీ విప్పబోతే కాగితం చిరుగుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. పెన్షన్ రాని సిపాయి సర్వీసు కాగితాలను 25 ఏళ్ల తరువాత నాశనం చేయడం సైన్యం నిబంధన. 1946లో విడుదలైన మనిషి కాగితాలకు 1971తో గడువు తీరింది. "సర్వీస్ రికార్డు ఇవ్వండి" అని అడిగితే "గడువు ముగిసినందున నాశనం చేశాం" అంటారు, అది అబద్ధమేమీ కాదు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. మీరు అడగాల్సింది లాంగ్ రోల్. చేరిన ప్రతి మనిషికీ ఒక వరస చొప్పున రాసిన పెద్ద పుస్తకం అది, దాన్ని నాశనం చేయరు. అందులో వివరం కొద్దిగానే ఉన్నా నంబరు, పేరు, చేరిక, విడుదల తెలుస్తాయి. ఉత్తరంలో ఇలా రాయండి: "లాంగ్ రోల్‌లోని నమోదు నకలు, భద్రంగా ఉన్నట్లయితే షీట్ రోల్, కిండ్రెడ్ రోల్ నకళ్లు." షీట్ రోల్ అంటే ఆ సిపాయి సర్వీసు వివరాల కాగితం, కిండ్రెడ్ రోల్ అంటే కుటుంబసభ్యుల పట్టీ. ఈ పట్టీ దొరికిన ఇంటికి ఒక తరం వంశవృక్షం దొరికినట్టే.

జతచేయాల్సినవి: తాతగారి మరణ ధ్రువపత్రం, మీకు ఆయనతో ఉన్న వరసను చూపే కుటుంబసభ్యుల ధ్రువపత్రం, మీ గుర్తింపు కార్డు నకలు, పతకం అంచు ఫొటో ప్రింట్లు. అసలు కాగితం ఒక్కటి కూడా పంపవద్దు. పేరుకు ఇంగ్లిషు అక్షరక్రమాలు మూడు ఇవ్వండి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఆ గుమాస్తాలు దాన్ని వదిలేయడమో, అసలు పేరనుకోవడమో చేశారు. అందువల్ల ఇంటిపేరుతో ఒకసారి, లేకుండా ఒకసారి రాయాలి. తండ్రి పేరు తప్పనిసరి. ఒకే ఊరి నుంచి ముగ్గురు సుబ్బయ్యలు చేరి ఉంటే వాళ్లను విడదీసేది అదొక్కటే.

ఉత్తరాన్ని నేరుగా కాక గుంటూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపిస్తే బరువుంటుంది. ఊళ్లకు తిరిగొచ్చిన మాజీ సైనికులు అక్కడ పేరు నమోదు చేయించుకునేవారు కాబట్టి, ఆ రిజిస్టరులో తాతగారున్నారేమో కూడా అదే రాకలో అడగండి. రెండు నెలలకూ ఉలుకూ పలుకూ లేకపోతే 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మొదటే దాంతో దిగడం కంటే మామూలు ఉత్తరానికే వివరమైన జవాబు వచ్చే అవకాశం ఎక్కువని మా అభిప్రాయం.

జిల్లా పేరు దగ్గర జాగ్రత్త పడండి. 1943లో బాపట్ల తాలూకా, గుంటూరు జిల్లా, మద్రాసు రాజధాని. 2022లో ఏర్పడ్డ బాపట్ల జిల్లా పేరు రాస్తే ఆ పుస్తకంలో అది ఉండదు. ఒంగోలు వాళ్లు కూడా 1904 నుంచి 1970 దాకా గుంటూరు జిల్లావారే. 1904కి ముందు చేరినవారైతే గుంటూరు ప్రాంతం కృష్ణా జిల్లాలోది. విజయవాడకు "బెజవాడ" అని వెతకాలి.

వినుకొండ దగ్గర మాకు మూడెకరాల మెట్ట ఉంది. "యుద్ధం నుంచి వచ్చాక తాతకు గవర్నమెంటు ఇచ్చింది" అంటారు. ఇప్పుడు అమ్మబోతే నిషేధిత జాబితాలో ఉందన్నారు. సైనికుడికిచ్చిన భూమి అని ఎలా రుజువు చేయాలి?
— ఒక పాఠకుడు, వినుకొండ

ముందు అది నిజంగా సైనికుడిగా ఇచ్చిందో, నిరుపేదగా ఇచ్చిందో, తాత సొంతంగా కొన్నదో తేలాలి. మూడింటికీ న్యాయం వేరు, ఇంటి మాట ఒకటే ఉంటుంది.

మొదట ఆర్.ఎస్.ఆర్. చూడండి, అంటే రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు. మీ సర్వే నంబరు ఎదుట ఎవరి పేరైనా ఉంటే అది మొదటి నుంచీ పట్టా భూమి, సర్కారు ఇచ్చిన ప్రశ్నే లేదు. ఏ.డబ్ల్యు.డి. అని ఉంటే శిస్తు నిర్ణయించిన మెట్ట బంజరు, అంటే సర్కారుది, తరువాత ఎప్పుడో పంచింది. పేరు గడిలో చుక్కలు మాత్రమే ఉంటే అదొక వేరే తలనొప్పి. వాటినే చుక్కల భూములంటారు, వాటికి 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

బంజరు అని తేలితే తహసీల్దారు కార్యాలయంలో అసైన్‌మెంట్ రిజిస్టరు (సర్కారు పంచిన భూముల పట్టీ) నకలు అడగండి. అందులో పట్టా ఫైలు నంబరు, తేదీ, ఎవరికిచ్చారు, ఏ వర్గం కింద ఇచ్చారు ఉంటాయి. ఆ వర్గం గడిలో "మాజీ సైనికుడు" అన్న మాటే మీకు కావాల్సింది. రిజిస్టరు చెదలు పట్టిపోయిందంటే 10(1) లెక్క (పట్టాదారుల వారీ భూమి లెక్క), ఆ తరువాత పాత అడంగళ్లు (ఏ పొలం ఎవరు సాగుచేశారో రాసిన గ్రామ లెక్క) చూడండి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయి లెక్కలు చేతులు మారినప్పుడు కొన్ని ఊళ్ల పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. అందుకని ఒక్కచోట లేదన్నారని వదలకుండా కలెక్టరేటు రికార్డు గది దాకా వెళ్లండి. 1953కి ముందటి మద్రాసు ప్రభుత్వ రెవెన్యూ ఉత్తర్వులకు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది.

అడంగల్ చూసేటప్పుడు ఫసలీ, అంటే శిస్తు సంవత్సరం, లెక్క తెలియాలి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, సంవత్సరం జులైలో మొదలై జూన్‌తో ముగుస్తుంది. ఫసలీ 1356 అంటే 1946 జులై నుంచి 1947 జూన్ వరకు. తాత తిరిగొచ్చిన ఏడాది నుంచి వరసగా ఐదారు ఫసలీలు తిరగేయండి. ఏ ఫసలీలో సాగుదారు గడిలో ఆయన పేరు మొదటిసారి కనిపిస్తుందో, పట్టా దాదాపు అప్పటిదే. అంతకుముందు ఏళ్లలో సొంత పొలం ఎదుట ఆయన పేరుండి, సాగు గడిలో తమ్ముడి పేరో కౌలుదారు పేరో ఉంటే ఆయన ఊళ్లో లేని కాలం కూడా బయటపడుతుంది. సైన్యం కాగితాలన్నీ పోయిన ఇళ్లకు ఇది మంచి దారి. ఏ ఏళ్లలో లేడో గ్రామ లెక్కే చెబుతుంది.

పట్టా దొరికితే ముందు తేదీ చూడండి, తరువాత వెనకవైపు షరతులు చదవండి. ఆంధ్ర ప్రాంతంలో సర్కారు పంచిన భూమిని అమ్మరాదన్న షరతు 18-6-1954 నాటి ఉత్తర్వుతో వచ్చింది. అంతకుముందు ఇచ్చిన పట్టాలో ఆ షరతు ప్రత్యేకంగా రాసి లేకపోతే మీ వాదన బలమైనది. ఆ తేదీ తరువాతిదైతే 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఎదురవుతుంది. అయితే మాజీ సైనికులకు ఇచ్చిన భూమిని పదేళ్ల తరువాత అమ్ముకోవచ్చని 1993లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ మినహాయింపు వర్తించాలంటే రెండూ చూపాలి: తాత మాజీ సైనికుడని, భూమి ఆ హోదాలోనే ఇచ్చారని. ఒకటి చూపి రెండోది వదిలేస్తే పని జరగదు. ఎక్కువ దరఖాస్తులు వెనక్కొచ్చేది ఇక్కడే. డిశ్చార్జి పత్రం జతచేస్తారు, పట్టా మాత్రం "భూమిలేని నిరుపేద" వర్గంలో ఉంటుంది.

జాబితా అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ జాబితా. సబ్ రిజిస్ట్రారుతో వాదించి లాభం లేదు, తీసే అధికారం ఆయనకు లేదు. నిరభ్యంతర పత్రం కోసం, జాబితా నుంచి తొలగింపు కోసం కలెక్టరుకు దరఖాస్తు చేయాలి. దానికి ఆర్.ఎస్.ఆర్. నకలు, అసైన్‌మెంట్ రిజిస్టరు నకలు, పట్టా, డిశ్చార్జి పత్రం లేదా లాంగ్ రోల్ నకలు, సైనిక సంక్షేమ కార్యాలయం ధ్రువీకరణ, వారసుల ధ్రువపత్రం, ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) జతచేయాలి. తాత పేరు పట్టాలో ఒకలా, డిశ్చార్జిలో ఒకలా ఉంటే ఇద్దరూ ఒకరేనని తహసీల్దారు నుంచి ధ్రువపత్రం ముందే తీసుకోండి. దాని కోసం ఫైలు ఆగితే ఆరు నెలలు అక్కడే ఉంటుంది. మాటల మీద అడ్వాన్సు పుచ్చుకుని తరువాత కాగితాలు వెతకడం మాత్రం చేయకండి.

మా జేజినాయన బస్రా వెళ్లి తిరిగి రాలేదు. అక్కడ స్మారకం మీద పేరుందా అని ఇంటర్నెట్లో వెతికితే దొరకలేదు.
— ఒక పాఠకుడు, మంగళగిరి

బస్రా స్మారకం మీద దొరకదు, ఆయనే కాదు మన సిపాయిలెవరూ దొరకరు. అక్కడ నలభై వేల మందికి పైగా స్మరించుకున్నారు, కాని భారత సైన్యంలో అధికారుల పేర్లే చెక్కి, సిపాయిలను ఫలానా పటాలంలో ఇంతమంది అని అంకెగా చెక్కారు. పేర్లున్నది పుస్తకంలో. ఆ పుస్తకాల వివరాలు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. స్మారకాన్నే 1997లో బస్రా రేవు నుంచి నాసిరియా దారిలో 32 కిలోమీటర్ల అవతలికి తరలించారు. ఆ సంగతి తెలియక పాత ఫొటోలు చూసి తికమకపడేవాళ్లున్నారు.

పేరుతో వెతకడం ఆఖరున పెట్టుకోండి. అదనపు సమాచారం గడిలో తండ్రి పేరు, ఊరు ఉంటాయి. అక్కడ గుంటూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె, సత్తెనపల్లి, నరసరావుపేట పేర్లను ఇంగ్లిషులో రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి. గుంటూరుకు చివర "టూర్" అని సాగదీసిన పాత అక్షరక్రమం కూడా ప్రయత్నించాలి. భారత సైన్యం, మరణించిన ఏడాది, దళం అని జల్లెడ పడితే జాబితా చిన్నదవుతుంది. దళం తెలియకపోతే మద్రాస్ సాపర్లు, కర్ణాటిక్ పదాతి పటాలాలు, 61, 64, 81 పయొనీర్లతో మొదలుపెట్టండి.

మొదటి యుద్ధానికి కమిషన్ లెక్క 4-8-1914 నుంచి 31-8-1921 దాకా. 1919లో జబ్బుతో పోయినా అందులోకి వస్తాడు. బస్రా వైపు వెళ్లి రానివాళ్లందరూ తూటాకే పోలేదు. 29-4-1916న ఇరాక్‌లోని కుట్ పట్టణం లొంగిపోయాక తుర్కుల చెరలో ఆకలికీ రోగానికీ పోయినవారున్నారు. బస్రా పట్టీలో లేకపోతే ఢిల్లీ ఇండియా గేటు, చెన్నై నందంబాక్కం సమాధుల తోటలోని 1914–1918 స్మారకం పట్టీలు చూడండి.

పంజాబ్ సిపాయిల రిజిస్టర్లు లాహోరులో బయటపడి ఇంటర్నెట్లోకి వచ్చాయని విని అక్కడా వెతుకుతున్నారు. అవి ఆ రాష్ట్రం ఊళ్లవే. మన జిల్లాల పేర్లు వాటిలో ఉండవు.

ఇంట్లో పాత ఇత్తడి సామాను మధ్య ఒకసారి చూడండి: అరచేయంత, 12 సెంటీమీటర్ల గుండ్రటి కంచు బిళ్ల, మీద సింహం, పక్కన త్రిశూలం పట్టిన స్త్రీ. చనిపోయిన సైనికుడి ఇంటికి పంపిన ఫలకం అది. హోదా ఉండదు, పేరొక్కటే ఉంటుంది.

తాత సింగపూర్లో జపాను వాళ్లకు చిక్కాడు. నేతాజీ సైన్యంలో ఉన్నాడని కొందరు, లేడని కొందరు అంటారు. డిశ్చార్జి పత్రం లేదు. ఎందుకు?
— ఒక పాఠకుడు, విజయవాడ

లేకపోవడమే ఒక ఆనవాలు కావచ్చు. 15-2-1942న సింగపూర్ లొంగిపోయాక చెరలో పడ్డవారిలో కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివారిలో చాలామందిని జపాను వాళ్లు న్యూగినీ వంటి దీవులకు కూలీ పనికి ఓడల్లో తోలారు. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వారు చెరనుంచి వచ్చినవాళ్లను విచారించి తెలుపు, బూడిద, నలుపు అని మూడు రకాలుగా విడదీశారు. నలుపులో పడినవారిని డిస్మిస్ చేసి, చెరలో గడిపిన కాలానికి జీతం కూడా కొట్టేశారు. మామూలు సిపాయికి దక్కిన డిశ్చార్జి పత్రం వాళ్ల ఇళ్లలో లేకపోవడానికి కారణం అదే. అయితే చెదలు తిన్నా పత్రం ఉండదు, కాబట్టి దీన్నే రుజువు అనుకోకండి. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఫౌజు దస్త్రాలున్నాయి. అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో దళం పేరు, చెర శిబిరం పేరుతో వెతకండి. దానికీ ముందు పాత దళం, నంబరు కావాలి, అంటే మళ్లీ లాంగ్ రోల్.

తాత రాసిన కార్డుల మీద ఊరి పేరు లేదు, ఎఫ్.పి.ఓ. అని ఒక నంబరు ముద్ర మాత్రం ఉంది. కొన్ని ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్నాయి కాని ఇంగ్లిషు కాదు.
— ఒక పాఠకురాలు, పొన్నూరు

ఎఫ్.పి.ఓ. అంటే ఫీల్డ్ పోస్టాఫీసు. ఊరి పేరు రాస్తే సెన్సారు వాళ్లు కొట్టేసేవారు, ముద్రలో నంబరే ఉండేది. ఆ తపాలా కచేరీ సైన్యంతో పాటు కదిలేది కాబట్టి నంబరుతో పాటు తేదీ కూడా ఉంటేనే చోటు తేలుతుంది. ఒకే నంబరు ఒక నెల ఒక దేశంలో, మరో నెల మరో దేశంలో ఉండవచ్చు. కార్డులను తేదీల వరసలో పెట్టి నంబర్లు పట్టికగా రాయండి. సైనిక తపాలా ముద్రలు సేకరించేవారి దగ్గర ఏ నంబరు ఎప్పుడు ఎక్కడుందో చెప్పే జాబితాలుంటాయి.

ఇంగ్లిషు కాని ఇంగ్లిషు అక్షరాలు రోమన్ ఉర్దూ. సైన్యంలో పలు భాషలవాళ్లకు ఉమ్మడి మాటగా దాన్నే నేర్పేవారు. ఉర్దూ తెలిసినవారి చేత గట్టిగా చదివించండి, చూడగానే అర్థం కాకపోయినా వినగానే అర్థమవుతుంది. మనియార్డరు చీటీలుంటే పారేయకండి. 1914లో సిపాయి నెల జీతం 11 రూపాయలు. అందులో ఇంటికెంత పంపాడో, అదే నెలల్లో శిస్తు రసీదు ఎంతకుందో పక్కపక్కన పెడితే ఆ ఇల్లు ఎలా నడిచిందో కనిపిస్తుంది.

డిశ్చార్జి ప్రకారం తాత 1920లో పుట్టాడు. నాయనమ్మ "రక్తాక్షిలో, పుష్కరాల తరువాత" అనేది. ఏది నమ్మాలి?
— ఒక పాఠకుడు, రేపల్లె

నాయనమ్మను. రక్తాక్షి 1924–25, దానికి ముందు వచ్చింది 1864–65, తరువాత వచ్చింది 1984–85. మధ్యది తప్ప వేరేది కుదరదు. చేరేటప్పుడు వయసు కాగితం చూపించినవాళ్లు తక్కువ, నోటితో చెప్పిందే రాసుకున్నారు. కుర్రవాడు చేరాలనుకుంటే నాలుగేళ్లు పెంచి చెప్పడం కష్టమేమీ కాదు. పుష్కరాలను మాత్రం పన్నెండేసి ఏళ్లు తీసేస్తూ గుడ్డిగా వెనక్కి లెక్కించకండి. గురుడి చుట్టు పన్నెండేళ్లకు కాస్త తక్కువ, ఏడు పుష్కరాలు వెనక్కి వెళ్లేసరికి ఒక ఏడాది తేడా పడుతుంది. రికార్డ్స్‌కు రాసేటప్పుడు మాత్రం 1920 అనే రాయండి. వాళ్ల పుస్తకంలో ఉన్నది అదే.